అగ్రజ ప్రతి, అనుజ ప్రతి

మా కొత్తరేవుపేట శాఖా గ్రంథాలయంలోని పుస్తకాల మీద చాలాకాలం పాటు చెదలకి తప్ప ఎవరికీ గట్టి అభిప్రాయాలు ఉండేవి కావు. చెదలు కూడా అన్ని పుస్తకాలనీ సమానంగానే ఆదరించేవి. అందుచేత పై అధికారులకి మా గ్రంథాలయం మీద ఎలాంటి ఫిర్యాదూ లేదు.

ఆ ప్రశాంతత ప్రాంతీయ పఠన సమన్వయ మండలి వారి ఉత్తర్వుతో పోయింది.

“ఒకే గ్రంథముపై పాఠకులు పరస్పర విరుద్ధ అభిప్రాయములు వెలిబుచ్చుట వలన తదుపరి పాఠకులు అయోమయమునకు లోనగుచున్నారని మండలి దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట ప్రతి గ్రంథమునకు ఒకే ఒక్క అభిప్రాయము ఉండవలెను. సదరు అభిప్రాయమును అట్ట లోపలివైపున అంటించవలెను. అభిప్రాయము కుదరని గ్రంథములను కుదురువరకు బీరువాలో పెట్టి తాళము వేయవలెను.”

లైబ్రేరియన్ మణిమాల గారు ఉత్తర్వుల్ని గౌరవించే మనిషి. ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు రంగు వెలిసిపోతే, కొత్త బోర్డు వచ్చేదాకా తనే పెదవుల మీద వేలు పెట్టుకుని కూర్చున్నావిడ. ఈ ఉత్తర్వు అందిన రోజునే గోందు సీసా తెప్పించి పనిలోకి దిగింది. పంచాంగానికి “ఆద్యంతం బిగువు సడలలేదు, కాని వర్జ్యం ఎక్కువైంది” అన్న అభిప్రాయం కుదిరింది. హోమియో వైద్యం పుస్తకానికి “చదివిన దగ్గర్నుంచి ఒంట్లో బాగాలేదు” అన్నారు. రైల్వే టైము టేబులుకి పాఠకులందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు: “కల్పన బాగుంది.”

అన్నీ ఇలా సవ్యంగా నడుస్తుండగా ‘కారియర్ మీద తమ్ముడు’ అనే కొత్త నవల వచ్చి పడింది.

ఆ నవలని మొదట తీసుకెళ్ళింది మైకు సెట్టు భాస్కరం. మెయిన్ రోడ్డు మీద ఆయనకి మైకులు అద్దెకిచ్చే కొట్టుంది. ఊళ్ళో పెళ్ళయినా, పన్నులు కట్టమని మున్సిపాలిటీ వాళ్ళు హెచ్చరించినా, తీర్థంలో పిల్లాడు తప్పిపోయినా వినిపించేది ఆయన గొంతే. అరవై దాటినా ఆ గొంతు ఇంకా కంచులా మోగుతుంది. అయితే ఆ నవల ఆయన తనకోసం తీసుకెళ్ళలేదు, వాళ్ళక్క కాంతరత్నం కోసం తీసుకెళ్ళాడు. ఆవిడ ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరుగా చేసి రిటైరయింది. తల్లి పోయినప్పుడు భాస్కరం ఇంకా బడికి కూడా వెళ్ళని వాడు. అప్పట్నుంచీ తల్లయినా తండ్రయినా అక్కే. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. ఆవిడ కళ్ళకి శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ మాటెత్తితే చలికాలం రానీ అంటుంది. చలికాలం వస్తే ఎండాకాలం రానీ అంటుంది. అందుకని రోజూ సాయంత్రం కొట్టు కట్టేశాక భాస్కరం అక్క ఇంటి వరండాలో కూర్చుని ఏదో ఒక పుస్తకం చదివి వినిపిస్తాడు. తప్పిపోయిన పిల్లల్ని పిలిచే గొంతే గనక, ఆ వీధివీధంతా ఆ పుస్తకం వింటుంది.

నవల పూర్తయ్యాక ఇద్దరూ కలిసి తిరిగిచ్చేయడానికి వచ్చారు. మణిమాల గోందు సీసా మూత తీసి, “ఎలా ఉందండీ?” అంది.

“అద్భుతంగా ఉందమ్మా,” అన్నాడు భాస్కరం.

“తగలబెట్టండి,” అంది కాంతరత్నం.

నవల్లో కథ చిన్నదే. ఒక ఊళ్ళో ఒక అక్క, ఒక తమ్ముడు. ఇంట్లో ఒకటే సైకిలు. అక్క తొక్కుతుంది, తమ్ముడు వెనక కారియర్ మీద కూర్చుంటాడు. “గట్టిగా పట్టుకోరా” అంటుంది అక్క, సైకిలెక్కిన ప్రతిసారీ. బడికి, పిండిమరకి, తండ్రికి జబ్బు చేస్తే ఆస్పత్రికి, అన్నిటికీ ఆ సైకిలే. అలా ఇద్దరూ పెద్దవాళ్ళవుతారు. తమ్ముడికి దూరపు ఊళ్ళో కాలేజీలో సీటొస్తుంది. ఒకరోజు తెల్లారుతూండగా వాడు ఆ సైకిలెక్కి వెళ్ళిపోతాడు. అక్క గుమ్మంలో నిలబడిపోతుంది. సైకిలు అక్కే ఇచ్చిందో, వాడే పట్టుకుపోయాడో రచయిత్రి చెప్పలేదు.

“ఇవ్వడం ఏవిటమ్మా, పట్టుకుపోయాడు,” అంది కాంతరత్నం. “ఇన్నేళ్ళు ఎక్కించుకుని తిప్పిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. రాతిగుండె వెధవ! తమ్ముళ్ళంతా ఇంతే అని రాసుకో.”

“ఆ కుర్రాడి మనసు నీకు తెలీదక్కా,” అన్నాడు భాస్కరం.

“ఎందుకు తెలీదు? ఉన్నదేదో నువ్వే చదివావుగా!”

భాస్కరం గోడ మీది క్యాలెండర్ చూశాడు. అది పాత సంవత్సరానిది.

ఇద్దరూ చెరో దారిన బయటికెళ్ళారు. మణిమాల చాలాసేపు ఆలోచించి ఇద్దరి మాటా పోకుండా ఒకటే అభిప్రాయం తయారు చేసింది: “ఈ నవల అద్భుతం. తగలబెట్టవలెను.” మండలి వారు దాన్ని వారం తిరక్కుండా తిప్పి పంపారు. “అభిప్రాయములో అంతర్గత వైరుధ్యము గలదు. పైగా అద్భుత గ్రంథములను తగలబెట్టుటకు మండలి వద్ద నిధులు లేవు. విచారణకై అధికారి వచ్చుచున్నారు.”

వచ్చినాయన పేరు జగదానందం. హోదా సమన్వయాధికారి. ఇంట్లో భార్యతో కూడా గ్రాంథికంలోనే మాట్లాడతాడని ప్రతీతి. గ్రంథాలయంలో ఆయనకి రెండు బల్లలు కలిపి వేశారు. అక్కా తమ్ముళ్ళని ఎదురుగా నిలబెట్టారు.

“సదరు నవల విషయమై మీ యందు ద్వైధీభావము పొడసూపినదని అభియోగము,” అన్నాడు జగదానందం.

“అయ్యబాబోయ్, అదేం జబ్బండీ?” అంది కాంతరత్నం కంగారుగా.

“వ్యాధి కాదు. భేదము. మీ ఇరువురూ ఒకే ప్రతిని చదివితిరా?”

“ఆయ్, ఒకటేనండి,” అన్నాడు భాస్కరం. “నేను చదివాను, అక్క వింది.”

“ఒకే ప్రతి, ఒకే కంఠము. అయినను రెండభిప్రాయములు!” జగదానందం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మీరొకరికొకరు ఏమగుదురు?”

“నేను అక్కనండి. వీడు తమ్ముడు. ఎత్తుకుని పెంచానండి వీణ్ణి.”

జగదానందం కుర్చీలోంచి లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు. ఆయన మొహంలో కొత్త వెలుగొకటి కనిపించిందని మణిమాల తర్వాత చెప్పింది.

“కనుగొంటిని! అక్కగారు అక్క పక్షము వహించిరి. తమ్ముడుగారు తమ్ముని పక్షము వహించిరి. దోషము గ్రంథమున లేదు, పాఠకులందును లేదు. దోషము జన్మక్రమమున ఉన్నది!”

ఈ ఇద్దరి సాక్ష్యం మీద ఆయన ఒక సిద్ధాంతం రాశాడు. అది అచ్చయి, నెల తిరిగేసరికి ఉత్తర్వై వచ్చింది. దాని ప్రకారం పాఠకుల్ని ఇకమీదట అగ్రజులనీ అనుజులనీ రెండు తరగతులుగా విడదీస్తారు. మున్సిపల్ ఆఫీసులో జన్మక్రమ ధ్రువపత్రం తెచ్చుకున్న వాళ్ళకే ఆ నవల ఇస్తారు. అగ్రజులకి ఇచ్చే ప్రతిలో “తమ్ముడు కృతఘ్నుడు” అనీ, అనుజులకి ఇచ్చే ప్రతిలో “అక్క అర్థం చేసుకోలేదు” అనీ అభిప్రాయం అంటించి ఉంటుంది. ఆ రకంగా ప్రతి పాఠకుడికీ ఒకే అభిప్రాయం. అయోమయం లేదు.

చిక్కేమిటంటే గ్రంథాలయంలో ఉన్నది ఒకటే ప్రతి. రెండోది కొనడం బడ్జెట్టులో లేదు. దీనికీ మండలి వారు మార్గం చూపించారు. సోమ, బుధ, శుక్రవారాల్లో అది అగ్రజ ప్రతి. మంగళ, గురు, శనివారాల్లో అదే అనుజ ప్రతి. మణిమాల రోజూ పొద్దున్నే తడిగుడ్డతో పాత అభిప్రాయాన్ని ఊడదీసి కొత్తది అంటించేది. పుస్తకం ఏ పూటకాపూట తిరిగిచ్చేయాలి గనక ఎవరికీ పాతిక పేజీలకి మించి సాగేది కాదు.

మధ్యలో పుట్టినవాళ్ళు మాకేదీ దారి అని అడిగారు. పొద్దున అగ్రజులుగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక అనుజులుగా చదువుకోమని జవాబొచ్చింది. బియ్యం కొట్టు కవలలు మాత్రం తమలో ఎవరు ముందో వాళ్ళమ్మ ఏనాడూ చెప్పలేదని మొత్తుకున్నారు. వాళ్ళు రోజూ గ్రంథాలయం మెట్ల మీద బొమ్మా బొరుసూ వేసుకుని లోపలికొచ్చేవారు. ఇక ఏకసంతానాన్ని ‘సహోదరానుభవ శూన్యులు’ అన్నారు. వాళ్ళకి అట్ట చూడ్డానికి మాత్రమే అనుమతి. మణిమాల వాళ్ళ అమ్మానాన్నలకి ఒక్కతే కూతురు. అందుచేత ఆ పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం, అభిప్రాయం మార్చడం అన్నీ చేస్తూ, పేజీ మాత్రం తిప్పకూడదు. ఆవిడ తిప్పలేదు.

చెప్పుకోవలసిన సంగతేమంటే ఊరు బాగా ఉత్సాహపడింది. గ్రంథాలయం గడప తొక్కని వాళ్ళు కూడా ధ్రువపత్రాలు తెచ్చుకుని సభ్యులయ్యారు. చేతిలో పత్రం ఉంటే చాలు, అభిప్రాయం కూడా ఉన్నట్టే. పుస్తకం చదివే అవసరం పోయింది. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, మంగలి షాపులో, సైకిలు ఇచ్చిందా పట్టుకుపోయాడా అన్నదే మాట. పెద్దవాళ్ళు అగ్రజ సంక్షేమ సంఘం పెట్టారు. చిన్నవాళ్ళు అనుజ హక్కుల వేదిక పెట్టారు. ఇద్దరూ ఊరేగింపులు తీశారు. రెండు ఊరేగింపులకీ మైకు భాస్కరానిదే. పొద్దున “అక్కల త్యాగం మరువరాదు!” అని ఆయనే అరిచి, సాయంత్రం “తమ్ముళ్ళ మనసు గుర్తించాలి!” అని కూడా ఆయనే అరిచాడు. రెండుసార్లూ ఒక్కలాగే అరిచాడు.

ఇంత సందడిలో ఒక్క వరండా మాత్రం మూగబోయింది.

ఉత్తర్వు చివర్లో చిన్న అంశం ఒకటుంది. “అగ్రజులకు అనుజులు గ్రంథములను చదివి వినిపించరాదు. వినిపించినచో అనుజ కంఠమున అగ్రజాభిప్రాయము కలుషితమగును. అగ్రజులు అనుజులకు వినిపించవచ్చును. అది ఉపదేశము క్రిందికి వచ్చును.”

మొదటి రోజు భాస్కరం అలవాటు చొప్పున ఇంకో పుస్తకం చంకలో పెట్టుకుని వీధి దాటాడు. కాంతరత్నం వరండాలోంచే చెయ్యి అడ్డం పెట్టింది.

“రాకు. రూలుంది.”

“రూలు వీధిలోవాళ్ళకి. మనకేంటక్కా?”

“మనవల్లే వచ్చింది గదరా రూలు! పైగా నీ పక్షం నీకుంది. ఆ సైకిలు వెధవని వెనకేసుకొచ్చిన నోటితో నాకేం చదవక్కర్లేదు.”

భాస్కరం వెనక్కెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు ఇంట్లో కూర్చుని గట్టిగా దగ్గాడు, అక్క పలకరిస్తుందేమోనని. ఆవిడ పలకరించలేదు. కాని ఆ రాత్రి మిరియాల కషాయం ఎవరిచేతో పంపించింది. ఆయన తాగి గ్లాసు తిరిగి పంపాడు. మాట మాత్రం లేదు.

కాంతరత్నం భూతద్దం పెట్టుకుని తనే చదువుకోవాలని చూసింది. ఒక్కో వాక్యం చీమలబారులా కదిలిపోయేది. తలపోటొచ్చేది. రేడియో పెట్టుకుంది. రేడియోలో వాళ్ళు ఆవిడ వింటోందా లేదా చూడకుండా మాట్లాడుకుపోయేవారు. భాస్కరమైతే మధ్యలో ఆగి, “నిద్రపోయావా అక్కా?” అని అడిగేవాడు. ఈ సంగతి ఆవిడ మణిమాలకి చెప్పుకుంది.

“నేను చదివి వినిపిద్దునండీ పిన్నిగారూ,” అంది మణిమాల, నిజంగా బాధపడుతూ. “నేను శూన్యుల్లో చేరిపోయాను గదా, ఎవరికీ చదివి పెట్టకూడదట.”

చివరికి కాంతరత్నం ఉతికిన చీర కట్టుకుని, రెండు బస్సులు మారి, జగదానందం ఆఫీసుకే వెళ్ళింది.

“బాబూ, నా తమ్ముడు నాకు పుస్తకం చదివితే మీకొచ్చిన కష్టం ఏంటండీ?”

“కష్టము కాదమ్మా. కాలుష్యము.”

“మేం నవల మీద దెబ్బలాడుకున్నాం, నిజవే. మా ఇంట్లో ఉప్పు మీదా దెబ్బలాడుకుంటాం. దెబ్బలాడుకున్నాక మళ్ళీ వాడే వచ్చి చదువుతాడు. వాడు చదవకపోతే నేనెవరితో దెబ్బలాడనండీ?”

జగదానందం ఈ వాదన విని కదిలిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. అప్పటికి పై నుంచి కూడా ఒత్తిడి వస్తోంది. కొత్తరేవుపేట సిద్ధాంతం విజయవంతమైంది కాబట్టి మొత్తం అన్ని శాఖలకీ విస్తరించే ముందు, అసలు సైకిలు అక్క ఇచ్చిందో తమ్ముడు పట్టుకుపోయాడో తేల్చి నివేదిక పంపమన్నారు. ఆయన రచయిత్రికి ఫోను చేయించాడు. ఆ అమ్మాయి నవ్వి, “నాకూ తెలీదండీ, అందుకేగా రాశాను,” అంది. రచయిత్రికి తన గ్రంథము జ్ఞప్తిలో లేదని ఆయన ఫైల్లో రాసుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. చివరి అధ్యాయాన్ని ఊరందరి ముందూ బహిరంగంగా చదివించి, అక్కడికక్కడే తీర్పు చెప్పడం. ఆదివారం పొద్దున గ్రంథాలయం ఆవరణలో షామియానా వేశారు. ఆదివారం గనక ఆ రోజు పుస్తకం ఎవరి ప్రతీ కాదు. కుడివైపు అగ్రజులు, ఎడమవైపు అనుజులు కూర్చున్నారు. మధ్యములు నడిమి దారిలో నిలబడ్డారు. మైకు భాస్కరానిది. దాని పక్కన ఆయన తలవంచుకుని తీగలు సవరిస్తూ కూర్చున్నాడు.

“అధ్యాయమును పఠించుటకు తటస్థ కంఠము కావలెను,” అన్నాడు జగదానందం. “అగ్రజ కంఠమూ పనికిరాదు. అనుజ కంఠమూ పనికిరాదు.”

అప్పుడు అందరి చూపులూ గోందు సీసా పట్టుకుని మూల నిలబడ్డ మణిమాల మీదికి తిరిగాయి.

“నేను చదవకూడదు గదండీ,” అంది ఆవిడ.

“శూన్యత్వమే నేడు మీ అర్హత. పఠింపుడు.”

మణిమాల కళ్ళజోడు సర్దుకుని మైకు ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ అట్ట మాత్రమే చూసిన పుస్తకం. ఆవిడ గొంతు చిన్నది. కాని సభ అంత నిశ్శబ్దంగా ఉండటం మా ఊళ్ళో అదే మొదలు. గుమ్మంలో అక్క నిలబడటం, పొగమంచు, గొలుసు చప్పుడు, అన్నీ వచ్చాయి.

“‘వాడు వెనక్కి తిరిగి చూడలేదు’,” అని చదివింది మణిమాల.

“విన్నారా!” అని కుడివైపు నుంచి చప్పట్లు మోగాయి. కాంతరత్నం తల పంకించింది. సరిగ్గా ఇక్కడే అయిపోయింది నవల. ఆవిడకి బాగా గుర్తు.

మణిమాల పేజీ తిప్పింది.

“‘చూస్తే వెళ్ళలేనని వాడికి తెలుసు. వంతెన దిగాక సైకిలు ఆపాడు. కారియర్ ఖాళీగా ఉంది. మంచుతో తడిసింది. చొక్కా అంచుతో దాన్ని తుడిచాడు, ఎవరో ఇప్పుడు ఎక్కి కూర్చోబోతున్నట్టు. మళ్ళీ పెడలు మీద కాలేసి, ఆ ఖాళీ కారియర్‌తో, “గట్టిగా పట్టుకో అక్కా” అన్నాడు.’”

“ఆగమ్మా,” అంది కాంతరత్నం.

ఆవిడ లేచి నిలబడింది. కళ్ళు సరిగా కనపడక ముందున్న కుర్చీ పట్టుకుంది.

“ఆ ముక్క ఇంకోసారి చదువు.”

మణిమాల ఇంకోసారి చదివింది.

“ఇది పుస్తకంలో ఉందా?”

“ఉందండీ పిన్నిగారూ. ఇదే ఆఖరు పేజీ.”

“ఒరే భాస్కరం!”

ఆ పిలుపుకి ఎడమవైపున్న తమ్ముళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. భాస్కరం తీగల మధ్యలోంచి లేచాడు.

“ఇది నాకెందుకు చదవలేదురా?”

ఆయన ఏదో అనబోయాడు. మైకు దగ్గరగా ఉండటంతో మొదట గొంతు సవరించుకోవడం ఊరంతా వినిపించింది.

“గొంతు పట్టేసిందక్కా. రెండుసార్లు చూశాను. రాలేదు మాట. నువ్వు పక్కనే కూర్చున్నావు. ఈ వయసులో నీ ముందు ఏడిస్తే ఏం బావుంటుందని... అయిపోయింది అనేసి పుస్తకం మూసేశాను. తర్వాత చెబుదామంటే నువ్వు వాణ్ణి తిట్టడం మొదలెట్టావు. వాణ్ణి తిడుతుంటే నన్ను తిట్టినట్టుంది. చెప్పడానికి సిగ్గేసింది.”

అగ్రజ సంక్షేమ సంఘం అధ్యక్షుడు పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు. అప్పుడే ఇంకో సంగతి కూడా అందరికీ ఒక్కసారిగా తట్టింది. ఈ నవలని ఊళ్ళో చివరిదాకా చదివింది భాస్కరం ఒక్కడే. మిగతా అందరూ ధ్రువపత్రాల్ని బట్టి దెబ్బలాడుకుంటున్నారు.

“పిచ్చి వెధవా,” అంది కాంతరత్నం, కొంగుతో కళ్ళు ఒత్తుకుని. “నీ ఏడుపు నేను చూడనిదా? చిన్నప్పుడు తీర్థంలో తప్పిపోయి దొరికినప్పుడు ఎంత రాగం తీశావు!”

జగదానందం ఈ అవకాశాన్ని వదల్లేదు. చెయ్యెత్తి, “శుభము! భేదమునకు హేతువు తొలగినది. ఇపుడు ఇరువురూ ఏకాభిప్రాయము చెప్పుడు,” అన్నాడు.

“తమ్ముడు బంగారం,” అంది కాంతరత్నం వెంటనే. “నాది పొరపాటు. తప్పంతా ఆ అక్కదే. వాణ్ణి ఒక్కరోజన్నా తొక్కనిచ్చిందా? ఎంతసేపూ తనే తొక్కడం, పట్టుకో పట్టుకో అని అరవడం. కుర్రాడు బిక్కచచ్చిపోయాడు పాపం.”

“అదేంటక్కా!” అన్నాడు భాస్కరం. “అక్కనంటే ఊరుకోను. ఆవిడ తొక్కబట్టి వాడు చదువుకున్నాడు. వంతెన దాకా వెళ్ళినవాడు వెనక్కొచ్చి ఆ మాటేదో అక్కతోనే చెప్పొచ్చుగా? ఖాళీ కారియర్‌తో చెబితే ఆవిడకెలా తెలుస్తుంది?”

“ఖాళీ కారియర్‌తోనన్నా చెప్పాడు! నువ్వు అదీ చెప్పలేదు గదరా!”

“నేను చెప్పలేదనేగా అంటున్నాను, అక్క గొప్పదని!”

“కాదు, తమ్ముడే గొప్ప!”

ఎడమ, కుడి పక్షాలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాయి. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక అందరూ జగదానందం వైపు తిరిగారు. ఆయన నుదురు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అగ్రజురాలు తమ్ముడి పక్షం, అనుజుడు అక్క పక్షం. సిద్ధాంతం ఆయన కళ్ళముందే తలకిందులైంది. ఆయన కూర్చున్నాడు, కొబ్బరి నీళ్ళు తాగాడు, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లేచి తీర్పు చెప్పాడు.

“వీరి అభిప్రాయములు తప్పు కాజాలవు, ఏలయన అవి నమోదైనవి. సిద్ధాంతము తప్పు కాజాలదు, ఏలయన అది ముద్రితమైనది. కావున వీరి పుట్టుక తప్పు. దానిని సవరించవలెను.”

మున్సిపల్ ఆఫీసు వాళ్ళు చాలా చురుగ్గా పనిచేశారు. ఆ వారంలోనే కొత్త ధ్రువపత్రాలు వచ్చాయి. వాటి ప్రకారం భాస్కరం అన్న. కాంతరత్నం ఆయన చెల్లెలు. జగదానందం నివేదిక మండలిలో ప్రశంసలు అందుకుంది. ఆయన్ని ఇంకా పెద్ద పనికి, ఇడ్లీలోకి ఏ పచ్చడి అన్న విషయంలో ఏకాభిప్రాయం సాధించడానికి, వేరే ప్రాంతం పంపించారని విన్నాం. అక్కడ కాల్పులు జరిగాయన్నది మాత్రం పుకారు. మా ఊళ్ళో జనం గ్రంథాలయం ముందు వరస కట్టి నవల నిజంగానే చదవడం మొదలెట్టారు. మణిమాల మొదటి పేరు తనదే రాసుకుని, చదివి, మూడు రోజులు ఎవరికీ ఇవ్వలేదు.

ధ్రువపత్రం అందిన సాయంత్రం భాస్కరం వీధి దాటి వరండా ఎక్కాడు. అగ్రజులు అనుజులకి చదివి వినిపించవచ్చు. అది ఉపదేశం. ఇక రూలు అడ్డు లేదు. చేతిలో కొత్త పుస్తకం, ఇంకో చేతిలో కోసి తెచ్చిన బంగినపల్లి మామిడిపండు. పళ్ళెం మధ్యలో పెట్టి, ఎప్పటిలాగే రెండు వైపుల చెక్కలూ తన ముందుకి లాక్కోబోయాడు. కాంతరత్నం ఆ చెయ్యి మీద చిన్నగా కొట్టింది.

“చెక్కలు నావి,” అంది.

“మరి నాకో?”

“టెంక ఉందిగా. పెద్దవాడివి, సర్దుకో.”

భాస్కరం పళ్ళెం కేసి చూశాడు, అక్క కేసి చూశాడు. ఆవిడ అప్పటికే ఒక చెక్క అందుకుని, నోటినిండా కొరికి, కళ్ళు మూసుకుంది. చిన్నపిల్లలు తిన్నట్టు గడ్డం మీంచి రసం కారుతోంది, తుడుచుకోవడం లేదు. ఆవిడకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో చెక్కలు ఎవరికో ఒకరికి వెళ్ళిపోయేవి. పెద్దదానివి కదా అన్న ఒక్క మాటతో టెంక ఆవిడకి మిగిలేది.

ఆయన టెంక తీసుకుని చీకాడు. పీచు పళ్ళలో ఇరుక్కుంది. రసం మోచేతి దాకా జారింది. ఇంకాస్త చీకాడు.

“ఇందులో ఏం లేదే,” అన్నాడు. “ఇన్నేళ్ళూ ఇదెలా తిన్నావక్కా?”

“నువ్వు తింటుంటే చూస్తూ,” అంది కాంతరత్నం రెండో చెక్క అందుకుంటూ. “ఇంక కబుర్లాపి చదువన్నయ్యా. ముందు చేతులు కడుక్కో. లైబ్రరీ పుస్తకం.”